తిరిగొచ్చిన ఐరేని కుండలు

పెళ్ళికని తీసుకుపోయిన ఐరేని కుండలు మళ్ళీ కుమ్మరింటి గడపకు రావడం షోలాపూర్ నీలం నగర్‌లో ఇంతవరకు ఎవరూ చూడలేదు. చూడలేదు కాబట్టే గల్లీ మొత్తం పనులు మానుకుని తలుపుల్లో నిలబడి చూస్తోంది.

పొద్దున బ్యాండు వాయిస్తుంటే ముత్తైదువలు నెత్తిన పెట్టుకుని, గల్లీ చివరిదాకా ఊరేగించి తీసుకుపోయిన కుండలవి. మధ్యాహ్నం అన్నాల వేళకు టెంపోలో తిరిగొచ్చాయి. టెంపో అతను వాటిని గడప బయట దించి, యమునాబాయి ఇంటినుంచి అని మాత్రం చెప్పి, కుమ్మరింటి కోడలు సుశీల మొహంలోకి చూడకుండా బండి తిప్పుకుని పోయాడు.

తెల్లని సున్నపు పట్టెలు, ఎర్రని జాజు చుక్కలు ఎలా వేసినవి అలాగే ఉన్నాయి. ఒక్క కుండకూ పగులు లేదు. పగిలి వచ్చినా బాగుండేదని సుశీలకు అనిపించింది. పగిలితే ఇంకోటి చేసి ఇవ్వొచ్చు. దీనికి ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

రేపు భవాని పేట్‌లో యమునాబాయి మనుమరాలు సాక్షి పెళ్ళి. ఐరేని కుండలు పందిట్లోకి రానిదే నేతవాళ్ళ ఇళ్ళలో పెళ్ళిపని ముందుకు కదలదు. ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసిన ముసలావిడ వాటిని వెనక్కి పంపిందంటే ఊరికే పంపలేదు.

యమునాబాయి ఇంటినుంచి ఫోను దత్తాత్రికి వచ్చింది. దత్తాత్రి సుశీలకు మామ, అత్త పోచమ్మ భర్త. తువ్వాళ్ళ కార్ఖానా గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేస్తాడు. ఖాకీ చొక్కా మీదే సైకిలు తొక్కుకుంటూ వచ్చి, కుండలను చూసి, గల్లీని చూసి, సైకిలు గోడకు ఆనించాడు. లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"లోపట చెయ్యి పెట్టి చూసిందట," అన్నాడు గొంతు తగ్గించి. "పురి మారింది అంటున్నది. ఇది పోచక్క చెయ్యి కాదు, ఎవల చెయ్యో అడుగనీకి నేనే వస్తున్న అన్నది."

పురి అనే మాట వినగానే సుశీలకు అంతా అర్థమైపోయింది. 

కుమ్మరి ఆడవాళ్ళు కుండలు తిప్పే చక్రం, సారె, ముట్టరు. పెళ్ళి కుండలేమో ఆడవాళ్ళే చేయాలి. అందుకే ఈ ఇంట్లో ఐరేని కుండ ఏనాడూ సారె ఎక్కలేదు. మట్టిని తాడులా పేని, చుట్ట మీద చుట్ట పెట్టి, వేళ్ళతో అదుముతూ పైకి లేపుతారు. బయట గులకరాయితో రుద్ది నున్నగా చేస్తారు గానీ, లోపల వేళ్ళు నడిచిన దారి అలాగే ఉండిపోతుంది. సుశీల అత్త పోచమ్మది ఎడమచేతి వాటం. ఆమె చుట్ట ఎడమకు తిరుగుతుంది. సుశీల చుట్ట కుడికి తిరుగుతుంది.

బయట సుశీల అన్నీ అత్తలాగే చేసింది. పట్టె వెడల్పు, చుక్కల వరుస, మూతి మందం, ఏదీ తేడా రానివ్వలేదు. కుండ లోపల ఎవరు చూస్తారులే అనుకుంది.

చూసేవాళ్ళు ఉన్నారు. యమునాబాయి కాపురానికి వచ్చిన నాటినుంచి కండెలు చుట్టిన మనిషి. దారం వేళ్ళ మధ్య పడితే చాలు, పురి ఎటు తిరిగిందో కళ్ళు మూసుకుని చెప్తుంది. బియ్యం పోసే ముందు తుడుద్దామని కుండలో చెయ్యి పెట్టింది. వేళ్ళకు తెలిసిపోయింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి నేతవాళ్ళ మధ్య బతుకుతూ ఆ చిన్న ముక్క ఎలా మరిచిపోయానా అని సుశీల తనను తాను తిట్టుకుంది.

ఇంకొకరి చెయ్యయితే ఇంత గొడవ లేదు. ఐరేని కుండలు చేసే ఆడదానికి భర్త ఉండాలి. కరీంనగర్ జిల్లా నుంచి నేతవాళ్ళ వెనకే ఈ కుమ్మరి కుటుంబం షోలాపూర్ వచ్చిన నాటినుంచీ నడుస్తున్న కట్టు అది. సుశీల భర్త వెంకటేశ్ కామెర్లు వచ్చి పోయి నాలుగేళ్ళయింది. వాడుక కుండలు, ఉట్టి కుండలు ఆమె ఎన్నైనా చేయొచ్చు. పెళ్ళి కుండ మట్టిని ముట్టకూడదు.

మరి ఎందుకు ముట్టింది? రెండేళ్ళ కింద పోచమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. నూనె మర్దనతో నయమైందని గల్లీకి చెప్పారు. పోచమ్మ అరుగు మీదికి వచ్చినప్పుడల్లా ఆ చేతిని కొంగు కింద దాచుకునేది. లోపలి గదిలో తలుపేసుకుని సుశీల మట్టి పేనేది. ఇంటి గుట్టు ముగ్గురి మధ్యే ఉండిపోయింది.

దత్తాత్రి గదిలో అటూ ఇటూ తిరిగాడు. కొంతం చౌక్ పక్క నుంచి సారె కుండలు తెచ్చి, సున్నం పూసి, ఇవే అసలువి అని ఇద్దామన్నాడు. పురి పట్టుకున్న చేతికి సారె కుండ తెలియకుండా ఉంటుందా అని సుశీల అడిగింది. పోనీ, ఊరినుంచి చుట్టాలావిడ వచ్చి చేసిపోయిందని చెబుదామన్నాడు. ఏ చుట్టాలావిడ, ఎప్పుడొచ్చింది, గల్లీలో ఎవరు చూశారు అని సుశీల మళ్ళీ అడిగింది. అడిగిన కొద్దీ ఆయనకు కోపం పెరిగింది.

"అసలు నిన్ను ఎవలు చెయ్యమన్నరు?" అన్నాడు చివరికి.

మనుషులకు మతిమరుపు అవసరాన్ని బట్టి వస్తుంది. 

"నువ్వే అన్నవు మామా. తలుపేస్కొని చెయ్యి, ఎవలు చూస్తరు అని నువ్వే అన్నవు."

"చెయ్యమన్న. దొరకమన్ననా?"

  నులక మంచం మీద కూర్చున్న పోచమ్మ ఇంతసేపూ ఒక్క మాట అనలేదు. పడిపోయిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఇంకొకరి బిడ్డను ఎత్తుకున్నట్టు జాగ్రత్తగా పట్టుకుని ఉంది.

అత్త ఏమైనా అంటుందని సుశీల ఎదురుచూసింది. తిట్టినా బాగుండేదనిపించింది. పోచమ్మ తలుపు సందులోంచి కనిపిస్తున్న కుండలనే చూస్తోంది.

కుండలు వాపసు వచ్చినందుకు సుశీలకు సిగ్గుగా ఉంది. కానీ ఆమెను అంతకన్నా భయపెట్టేది వేరే ఉంది. యమునాబాయి పెద్ద మనుమడు ప్రథమేశ్ పెళ్ళి పోయిన ఎండాకాలంలో అయింది. ఆ పెళ్ళి కుండలు కూడా సుశీలే చేసింది. వానాకాలంలో పవర్‌లూమ్ షెడ్డులో కరెంటు కొట్టి ప్రథమేశ్ పోయాడు. పెళ్ళి బట్టలు ఇంకా కొత్తగానే ఉన్నాయి.

షెడ్డులో పాత వైర్లు ఉన్నాయని, నేల తడిసి ఉందని అందరికీ తెలుసు. అయినా మనిషి పోయినప్పుడు వైర్లను తిట్టి ఎవరికీ కడుపు నిండదు. ఇప్పుడు ఆ కుండలు మొగుడు పోయినదాని చేతివని తెలిస్తే భవాని పేట్ ఏమంటుందో సుశీల చెవులకు ముందే వినిపిస్తోంది. వాణ్ణి మింగింది ఆ చెయ్యే అంటారు. ఒక్కసారి ఆ మాట పుట్టిందంటే ఈ జన్మలో ఆమె చేతి కుండలో ఎవరూ నీళ్ళు కూడా తాగరు.

ఆ చేతులు తప్ప ఆమెకు వేరే ఆసరా లేదు. పిల్లలు లేరు. పుట్టింటి తలుపు తల్లి పోయిన రోజే మూసుకుంది. ఈ రెండేళ్ళలో ఆమె బతికున్నానని అనుకున్నది ఆ లోపలి గదిలో, మట్టి తాడు వేళ్ళ కింద చుట్ట తిరుగుతున్నప్పుడు మాత్రమే.

ఆటో వచ్చి ఆగింది.

యమునాబాయికి మోకాళ్ళు పట్టేశాయి. ఒకరి భుజం లేనిదే నడవలేదు. ఆ భుజం ఇవాళ తృప్తిది. తృప్తి ప్రథమేశ్ భార్య, ఇరవై రెండేళ్ళ పిల్ల. పెళ్ళి ఇంట్లో అందరికీ చేతినిండా పని ఉంది. పసుపు దంచేవాళ్ళు, పెళ్ళికూతురికి మెహెందీ పెట్టేవాళ్ళు, వంటలు చూసేవాళ్ళు. ఏ పనీ ముట్టుకోనివ్వని మనిషి ఆమె ఒక్కతే. కాబట్టి ముసలావిడకు తోడు రావడానికి ఆమెకే తీరిక దొరికింది.

యమునాబాయి గడప దాటలేదు. అరుగు మీద కూర్చుంది. సుశీల చెంబుతో నీళ్ళు తెచ్చి పెడితే, నక్కో అని చేత్తో పక్కకు జరిపింది. గల్లీ ఆడవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. దత్తాత్రి గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చి, అక్కా బాగున్నావా అని అడిగాడు. ఆవిడ పట్టించుకోలేదు.

"పోచక్కను బయటికి పిలువు," అంది.

సుశీల ఆసరా ఇచ్చి పోచమ్మను తెచ్చి గడప మీద కూర్చోబెట్టింది. ఇద్దరు ముసలివాళ్ళూ ఎదురెదురుగా కూర్చున్నారు. నలభై ఏళ్ళుగా ఒకరి ఇంటి పెళ్ళికి ఒకరు కావలసినవాళ్ళు. పోచమ్మ చేతి కుండలతోనే యమునాబాయి తన ఇంట్లో అన్ని పెళ్ళిళ్ళూ చేసింది.

"ఖరం చెప్పు పోచక్కా, నిజం చెప్పు. ఇవి నీ చేతివేనా?"

 దత్తాత్రి ఏదో అనబోతే యమునాబాయి చెయ్యెత్తి ఆపింది. ఎవరి ఇంట్లోనో సీరియల్ మోగుతుంటే వెంటనే ఎవరో దాన్ని ఆపేశారు. సుశీల తలుపు చెక్కను పట్టుకుని నిలబడింది. ఇక ఒక్క మాటతో తన బతుకు ఇటో అటో తేలిపోతుందని ఆమెకు తెలుసు.

పోచమ్మ మెల్లగా కుడి చేత్తో కొంగు తొలగించింది. పడిపోయిన ఎడమ చేతిని మణికట్టు దగ్గర పట్టి ఎత్తి, వదిలేసింది. అది బట్ట మూటలా ఒళ్ళో పడింది. చూస్తున్న ఆడవాళ్ళలో ఎవరో అయ్యో అన్నారు.

"నయమైంది అని అబద్ధం చెప్పినం యమునా. రెండేండ్ల సంది చచ్చినట్టే ఉన్నది," అంది పోచమ్మ. "కుడి చేత్తోని నేర్చుకున్న. చెయ్యి మారితె పురి మారదా?"

 ఎంత తేలికైన అబద్ధం. ఎంత నిజంలా ఉంది. ఇంతసేపూ సుశీలకు గానీ దత్తాత్రికి గానీ తట్టలేదు. నోరు మెదపకుండా కూర్చుని ఆ ముసలి ప్రాణం దీన్నే పేనుతూ ఉందన్నమాట.

యమునాబాయి మొహం కొంత సడలింది. కానీ దెబ్బ తిన్న మనిషి ఆవిడ. మనుమడు పోయిన నాటినుంచి దేన్నీ చేత్తో తడిమి చూసుకోనిదే నమ్మడం లేదు. ఇప్పుడే తన కళ్ళ ముందు ఒక్క చుట్ట పెట్టి చూపించమంది. సుశీల దగ్గరికి రాకూడదంది.

తడి మట్టి ముద్ద, పలక తెచ్చి గడప ముందు పెట్టి సుశీల వెనక్కి జరిగింది. పోచమ్మ మట్టి ముట్టి రెండేళ్ళయింది. కుడి చేత్తో ఆమె జీవితంలో ఒక్క కుండ చేయలేదు.

ముద్దను పలక మీద అరచేత్తో దొర్లించింది. తాడు ఒక చోట లావుగా, ఒక చోట సన్నగా వచ్చింది. తెగిపోయింది. మళ్ళీ కలిపి దొర్లించింది. అడుగు బిళ్ళ జారిపోకుండా మోకాలితో పలకను అదిమి పట్టి, తాడు కొసను పళ్ళతో పట్టుకుని, వేళ్ళతో నొక్కుకుంటూ పోయింది. నుదుటినుంచి చెమట కారి మట్టిలో పడింది. ఇప్పుడు దగ్గరికి పోతే దొరికిపోతామని సుశీలకు తెలుసు. అయినా అత్త పక్కన కూర్చుని ఆ తాడు అందుకోవాలని చేతులు గుంజుతున్నాయి.

చుట్ట తిరిగింది. వంకరగా ఉన్నా, నిలబడింది. కుడికే తిరిగింది.

యమునాబాయి వంగి బొటనవేలితో లోపల తడిమింది. తర్వాత పక్కనున్న ఐరేని కుండలో చెయ్యి పెట్టి తడిమింది. మళ్ళీ చుట్టను తడిమింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోచమ్మ మట్టి చేతిని అలాగే తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఇంత కష్టం పడి మా ఇంటికి కుండలు చేశావా అని, అనుమానపడినందుకు క్షమించమని అడిగింది. కుండలు ఇప్పుడే తీసుకుపోతానంది. దత్తాత్రి ఊపిరి వదిలి, టెంపో పిలవడానికి ఫోను తీశాడు.

సుశీల బతికిపోయింది.  తను చేసిన కుండలు తన కళ్ళ ముందే ఇంకొకరివైపోయినందుకు ఎక్కడో చిన్నగా మండింది. ఆ మంటను పట్టించుకోదలచుకోలేదు. ప్రాణం దక్కినప్పుడు పేరు కోసం ఏడవడం ఏమిటని సర్దిచెప్పుకుంది.

"ప్రథమేశ్ లగ్గం కుండలు గూడ నీ చేతివే గదా?" అని అడిగింది యమునాబాయి, లేవబోతూ.

"నావే," అంది పోచమ్మ. ఒక అబద్ధం చెప్పాక రెండోది చెప్పడం కష్టం కాలేదు.

"బస్. నా మనసుల ఉన్న పురుగు పోయింది. కుండల్ల దోషం లేదు." యమునాబాయి భుజం కోసం చెయ్యి చాస్తూ తృప్తి వైపు తిరిగింది. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. లెక్క తేలిన మనిషిలా మాట్లాడింది. "ఇన్నవు గదా. కుండల్ల లేదు, ముహూర్తంల లేదు. ఇగ ఎవల పాదంల ఉన్నదో తేలిపాయె. సాక్షి లగ్గం కాంగనే మీ అన్నకు ఫోన్ చేస్త. వచ్చి తీస్కపోతడు."

తృప్తి తలూపింది. చాలాసార్లు విన్న మాటకు ఊపినట్టే ఊపింది. ఆ అన్న ఎలాంటివాడో సుశీలకు తెలుసు. చెల్లెలు విధవైందని కబురందితే అంత్యక్రియలకు వచ్చి, అటునుంచి అటే పోయాడు. చెల్లెలిని ఇంట్లోకి రానివ్వడని అందరికీ తెలుసు.

తృప్తి వంగి ఒక కుండను ఎత్తబోయింది. బహుశా ఏదో ఒక పని చేయాలని.

"నువ్వు ముట్టకు," అంది యమునాబాయి.

ఆ పిల్ల చేతులు కుండ దాకా పోయి ఆగాయి. వెనక్కి తీసుకుంది గానీ వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకదానితో ఒకటి పట్టుకుంది, వదిలేసింది, చివరికి కొంగులో దాచుకుంది.

సుశీలకు ఆ చేతులు తప్ప ఇంకేమీ కనిపించలేదు. వెంకటేశ్ పోయిన పదకొండో రోజు తన చేతులూ ఇలాగే చోటు వెతుక్కున్నాయి. దోషం తన మీద పడకుండా దాక్కుని, ఈ పిల్లను ముందుకు తోసిందని ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. 

కోడలి మొహంలో ఏం కనిపించిందో గానీ, పోచమ్మ మట్టి చేత్తో ఆమె చీర కుచ్చిళ్ళు గట్టిగా పట్టుకుంది. వద్దని నోటితో అనలేదు. పట్టు మాత్రం వదల్లేదు. సుశీల వంగి, ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడిపించింది.

"పెద్దమ్మా," అంది. "ప్రథమేశ్ లగ్గం కుండలు మా అత్త చెయ్యలే. నేను చేసిన. ఇవి గూడ నేనే చేసిన. దోషం ఉంటె నా చేతిది అనుండ్రి. ఆ పిల్లది అనకుండ్రి."

దత్తాత్రి చేతిలో ఫోను హలో హలో అంటోంది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకోలేదు.

యమునాబాయి తృప్తి భుజం మీదినుంచి చెయ్యి తీసింది. ఎవరి ఆసరా లేకుండా, మోకాళ్ళు వణుకుతున్నా, రెండు అడుగులు వేసి సుశీల ఎదుట నిలబడింది.

"మొగుడు లేనిది ముట్టద్దు అని ఎరుకేనా నీకు?"

"ఎరుకే."

"ఎరుకుండి చేసినవా?"

 సుశీలకు పారిపోవాలని ఉంది. ఏడవాలని ఉంది. కానీ రెండేళ్ళుగా ఎవరితోనూ చెప్పుకోలేని మాట నోటిదాకా వచ్చేసింది.

"ఎరుకుండే చేసిన పెద్దమ్మా. మంచిగ చేసిన."

 యమునాబాయి గల్లీ వైపు తిరిగి, ఇంకా తలుపుల్లో నిలబడ్డ ఆడవాళ్ళందరినీ, తన మనుమణ్ణి మింగిన చెయ్యి ఏదో వచ్చి చూడమని దగ్గరికి పిలిచింది.